ఎడారి విడిదిలో విద్యుత్తు

అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. శీతకాలం రాగానే ఉత్తరాది మంచును తప్పించుకొని వేలాదిమంది అక్కడికి తరలివస్తారు. పడక, వంటగది అమర్చిన క్యాంపర్ వాహనాలే వారి నివాసాలు. ఊరి సమీపంలోని ప్రభుత్వ భూమిలో రుసుము చెల్లించి సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు విడిది చేయవచ్చు. కాని ఆ స్థలాల్లో కరెంటు ఉండదు. రాత్రి దీపం వెలగాలన్నా, పంపు నీరు తోడాలన్నా, ఆహారం చెడకుండా ఉండాలన్నా వాహనంలోని బ్యాటరీయే దిక్కు.

చాలా వాహనాల్లో ఆ బ్యాటరీ మన ఇళ్ళలోని ఇన్వర్టర్ బ్యాటరీ వంటిదే. సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం దాని ప్రధానాంగాలు. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1200 వాట్-గంటల శక్తి నిలువ ఉంటుంది. అయితే తరచుగా సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. అంటే చేతికందేది 600 వాట్-గంటలే. చిన్న ఫ్రిజ్ ఒక్కటే రోజుకు అందులో సగానికి పైగా హరించగలదు.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. బ్యాటరీని వాడుతున్నప్పుడు పలకలపై లెడ్ సల్ఫేట్ పేరుకొంటుంది. వెంటనే పూర్తిగా ఛార్జి చేస్తే అది కరిగిపోతుంది. చేయకపోతే గట్టి స్ఫటికాలుగా మారి పలకలను పనికిరాకుండా చేస్తుంది. దాదాపు 80 శాతం వరకు బ్యాటరీ వేగంగా నిండుతుంది. మిగిలిన భాగానికి, అది స్వీకరించే విద్యుత్తు తగ్గుతూ పోవడం వల్ల, గంటలు పడుతుంది. సాయంత్రం గంటసేపు జనరేటరు నడిపి, మీటరులో 14 వోల్టులు చూసి తృప్తిపడేవారు మోసపోయేది ఇక్కడే. కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చాక చూపే వోల్టేజియే నమ్మదగినది. సుమారు 12.7 అయితే నిండినట్లు, 12.1 అయితే సగమే ఉన్నట్లు.

కనుక ఉదయమే జనరేటరును కొంతసేపు నడిపి, మిగిలిన నింపుడును పగలంతా సౌరఫలకాలకు వదలడం మేలు. డిసెంబరులో అక్కడి మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన సుమారు 33 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. వాహనం పైకప్పుపై చదునుగా పరచిన ఫలకానికి అప్పుడు నేరుగా పడే ఎండలో సగం కంటే కొంచెమే ఎక్కువ దక్కుతుంది. దానిని దక్షిణానికి వాల్చాలి. ఫలకంలో ఒక మూలపై పడిన చిన్న నీడ కూడా ఉత్పత్తిని బాగా తగ్గించగలదు.

ఇటీవల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వ్యాపించాయి. వాటి ధర ఎక్కువే. అయినా నిలువలో అధికభాగం వాడుకోవచ్చు, అసంపూర్ణంగా నింపినా చెడవు. కాని సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో వాటిని ఛార్జి చేయరాదు. ఎడారి రాత్రి గడ్డకట్టిన ఉదయాన, బ్యాటరీ వెచ్చబడేవరకు ఆగవలసిందే.