రుచి పోయిందా? ముక్కును అడగండి!

ముక్కు గట్టిగా మూసుకుని ఒక ఏలకుల బిళ్ల నమిలి చూడండి. తీపి తప్ప మరేమీ తెలియదు. ముక్కు వదలండి, ఏలక్కాయ ప్రత్యక్షమవుతుంది!

నాలుకకు తెలిసినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, టొమాటోలోనూ మాంసపు రసంలోనూ ఉండే కమ్మదనం - అంతే. ఇంగువ, కరివేపాకు, కాఫీ - వీటి ఘుమఘుమ నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కుకు చేరుతుంది. మన షడ్రుచుల్లోని కారం, వగరు శాస్త్రజ్ఞుల లెక్కలో రుచులే కావట. (ఉగాదినాడు మాత్రం నేను వారి మాట వినను.)

అందుకే రుచి పోయిందని వచ్చేవారిలో చాలామందికి పోయింది వాసన. మా పిన్నిగారు రెండు నెలలపాటు చారులో ఇంగువ లేదంటూ వచ్చారు. కోడలు పాపం మూడు రకాల ఇంగువలు మార్చింది. చివరకు ముక్కు డాక్టరుగారి దగ్గరకు నేను తీసుకువెళ్లాను. పంచదార, ఉప్పు, నిమ్మరసం నాలుకమీద వేస్తే అన్నీ సరిగ్గా చెప్పారు. కళ్లు మూయించి, ఒక్కొక్క ముక్కుపుటం దగ్గరే కాఫీపొడి పట్టారు.

"ఏదీ, ఇంకా పెట్టలేదే?" అన్నారు పిన్నిగారు.

అమ్మోనియా పెడితే మాత్రం ఉలిక్కిపడ్డారు. అది వాసన కాదు, ఘాటు. దాన్ని ముఖానికి స్పర్శనిచ్చే నాడి చెబుతుందన్నారు డాక్టరుగారు. ఆ పైన, "వంట గ్యాసుమీదేనా?" అని అడిగారు. కోడలు తెల్లబోయింది. గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. లీకయితే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. పగలంతా ఇంట్లో ఉండేది పిన్నిగారొక్కరే!

ఈ పరీక్షను లెక్కకట్టి చేసే పద్ధతి కూడా ఉంది. 1984లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ డోటీ, ఆయన సహచరులు 40 వాసనల పుస్తకం తయారుచేశారు. కాగితం గోకి వాసన చూచి, నాలుగు పేర్లలో ఒకటి గుర్తించాలి. బొత్తిగా వాసన లేనివారికి కూడా గుడ్డిగా 10 దాకా ఒప్పవుతాయి. రెండో మూడో వచ్చాయంటే, నష్టపరిహారం కోసం నటిస్తున్నారేమోనని అనుమానించాలి! అయితే అందులో 'రూట్ బీర్' వాసన ఉంది. దాన్ని మా పిన్నిగారు జన్మలో ఎరుగరు. మనవాళ్లకు మన వాసనలే పెట్టాలి.

జలుబు, ముక్కులో కండ, తలకు దెబ్బ, వయస్సు - కారణాలు చాలా. 2020లో కరోనా ఎందరికో ఈ బాధ తెచ్చింది. పార్కిన్‌సన్ వ్యాధిలో వణుకుకు ఏళ్లముందే వాసన తగ్గవచ్చు. కనుక జలుబు తగ్గినా వాసన రాకపోతే పరీక్ష చేయించాలి.

2009లో జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం గులాబీ, నిమ్మ, యూకలిప్టస్, లవంగం వాసనలను రోజూ రెండుపూటలా, మూడు నెలలు పీల్పించి చూచింది. కొందరికి గుణమిచ్చింది. అంతవరకు గ్యాసు లీకయితే మోగే గంట ఒకటి వంటింట్లో పెట్టించాలి. పాలు విరిగాయో లేదో మరొకరు చూడాలి.