విదేశంలో ఏటీఎం మీ కార్డు మింగేస్తే? మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి

చిలుకూరు బాలాజీ గురించి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మన మొయినాబాద్ మండలంలోనే ఉన్న గుడి. వీసా రావాలని 11 ప్రదక్షిణలు, వచ్చినాక 108. చేవెళ్ల నుంచి, మొయినాబాద్ నుంచి, సిటీ నుంచి ఎంతమంది పిల్లలు వస్తరో మనం చూస్తూనే ఉంటం. వీసా చేతికొచ్చినాక పచ్చళ్లు, కారప్పొడి కూడా తూకం వేసి మరీ సర్దుకుంటం. కానీ బ్యాంకు కార్డు గురించి ఎవ్వరూ ఆలోచించరు. ఈరోజు ముచ్చట అదే.

ఒకసారి ఊహించుకోండి. ఆగస్టు నెల, చికాగోలో దిగి రెండో రోజు, రాత్రి 10 గంటలు. పొద్దున్నే రూమ్ అడ్వాన్స్ కట్టాలి. ఉన్నది ఒక్కటే కార్డు. ఏటీఎంలో పెట్టారు, లోపలికి పోయింది, ఇక రాలేదు. అప్పుడు చేవెళ్లలో పొద్దున ఎనిమిదిన్నర. నాన్నకు ఫోన్ చేస్తే ఆయన కంగారు పడతారు తప్ప, అక్కడి నుంచి కార్డు తీసియ్యలేరు కదా!

అసలు మెషిన్ ఎందుకు మింగుతుంది? కొన్ని ఏటీఎంలలో కార్డును లోపలికి లాక్కునే మోటార్ ఉంటుంది. పిన్ వరుసగా తప్పు కొట్టినా, బయటికొచ్చిన కార్డును టైమ్‌కి తీసుకోకపోయినా, కార్డు బ్లాక్ అయి ఉన్నా, కరెంటు పోయినా, మెషిన్ లోపల ఇరుక్కున్నా కార్డు లోపలే ఉండిపోవచ్చు. ఇంకో కారణం మోసం. కార్డు పెట్టే సందులో సన్నని ప్లాస్టిక్ పట్టీ దూర్చి కార్డు ఇరుక్కునేలా చేస్తారు. వెనక నుంచి ఒకడు వచ్చి, "నాకూ ఇట్లనే అయింది, పిన్ మళ్లీ కొట్టు, వస్తది" అంటాడు. మీరు కొడతారు, వాడు చూస్తాడు. మీరు వెళ్లగానే పట్టీతో కార్డు లాగేస్తాడు.

అందుకే మొదటి పది నిమిషాలు చాలా ముఖ్యం.

ఒకటి, వెంటనే వెళ్లిపోకండి. క్యాన్సిల్ నొక్కి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. మళ్లీ పిన్ కొట్టొద్దు, తెలియనివాళ్ల సాయం వద్దు. అక్కడ సేఫ్‌గా అనిపించకపోతే మాత్రం ముందు పక్కకు వచ్చేయండి.

రెండు, బ్యాంకు యాప్ తెరిచి కార్డును లాక్ చేయండి. యాప్ తెరుచుకోకపోతే బ్యాంకుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించండి, కంప్లైంట్ నంబర్ రాసుకోండి. మెషిన్ మీద అంటించిన నంబర్‌కు చేయొద్దు, అది మోసగాళ్లదీ కావచ్చు.

మూడు, మెషిన్ ఫొటో, ఏటీఎం నంబర్, అడ్రస్, టైమ్ దాచుకోండి. అది బ్యాంకు లోపలే ఉన్న ఏటీఎం అయితే పొద్దున్నే వెళ్లి అడగండి. కానీ ఆశ పెట్టుకోవద్దు. తమది కాని కార్డును చాలా బ్యాంకులు భద్రత కోసం ధ్వంసం చేస్తాయి.

మరి డబ్బులు? వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలకు విదేశాల్లో ఎమర్జెన్సీ క్యాష్ సర్వీసు ఉంది. మీ బ్యాంకు ఒప్పుకుంటేనే ఇస్తారు, కాబట్టి కార్డు బ్లాక్ చేయించేటప్పుడే దాని గురించి అడగండి.

రూల్స్ కూడా తెలుసుకోండి. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్లు డబ్బు కొట్టేస్తే, బ్యాంకు మెసేజ్ వచ్చిన 3 పని దినాల్లో చెబితే మీ మీద భారం సున్నా. 4 నుంచి 7 రోజుల్లో చెబితే కొంత భారం పడుతుంది. పిన్ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన సొమ్ము మీదే. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

ఇప్పుడు అసలు పని, ఫ్లైట్ ఎక్కకముందు చేయాల్సింది. బ్యాంకు ఫోన్ నంబర్ ఎక్కడుంటుంది? కార్డు వెనకాల. ఆ కార్డేమో మెషిన్ కడుపులో! కాబట్టి నంబర్ ముందే ఫోన్‌లో, ఒక కాగితం మీద రాసుకోండి. 1800తో మొదలయ్యే నంబర్లు విదేశాల నుంచి చాలాసార్లు కలవవు. ప్లస్ 91తో మొదలయ్యే నంబర్ అడిగి తీసుకోండి. ఓటీపీ రావాలంటే ఇండియా సిమ్ రోమింగ్‌లో బతికుండాలి. రెండు కార్డులు పెట్టుకోండి, ఒకటి పర్సులో, ఒకటి బ్యాగులో. కొత్త కార్డులో విదేశీ వాడకం ఆఫ్‌లో ఉంటుంది, యాప్‌లో ఆన్ చేసుకోండి. మొదటి వారానికి సరిపడా క్యాష్ కూడా ఉండాలి.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట చెప్పి వెళ్లండి. "మీవాడి కార్డు ఇరుక్కుంది, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఫోన్ పెట్టేసి ముందు మీకే చేయమనండి.

చిలుకూరులో 108 పూర్తయినాక గుడి బయట ఐదు నిమిషాలు కూర్చోండి. ఆ నంబర్ అక్కడే సేవ్ చేసుకోండి. వచ్చే నెల ఫ్లైట్ ఎక్కే దోస్తు ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!