పెద్ద మ్యాచ్ గెలిపిస్తే పెద్ద ధర పలకాలా?

2023 జనవరి 15న జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్ మ్యాచ్‌లో న్యూయార్క్ జెయింట్స్ 31-24తో మిన్నెసోటా వైకింగ్స్‌ను ఓడించింది. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్ పాస్‌లతో 301 గజాలు సాధించాడు. బంతి చేతపట్టి తనే మరో 78 గజాలు పరుగెత్తాడు. వారం తిరక్కుండానే ఫిలడెల్ఫియా ఈగల్స్ చేతిలో అదే జట్టు 38-7తో చిత్తయింది. అయినా మార్చిలో యాజమాన్యం అతనితో 4 ఏళ్లకు 16 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అందులో సగం కాలం కూడా నిండకముందే, 2024 నవంబరులో వదిలేసింది. జోన్స్ చేతకాని ఆటగాడు కాడు. అతన్ని కొలిచిన తీరే తప్పు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేతికందాక క్వార్టర్‌బ్యాక్‌కు మామూలుగా దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. ఈలోగా ఎదుటి జట్టు భారీకాయులు మీదికి దూసుకొస్తుంటారు. బంతిని సహచరుడికి విసరాలి, లేదా బయటికి పారేయాలి, లేదా తనే పరుగు తీయాలి. ఏదీ తేల్చుకోలేకపోతే బంతితో సహా నేలకూలతాడు. దాన్నే శాక్ అంటారు. బంతి ప్రత్యర్థి చేతిలో పడితే ఇంటర్‌సెప్షన్. 2022 సీజన్‌లో జోన్స్ ఇచ్చిన ఇంటర్‌సెప్షన్లు 5 మాత్రమే కావడంతో, ఒత్తిడిలో నిబ్బరం అలవడిందని అందరూ మెచ్చుకున్నారు. అదే సీజన్‌లో అతను 44 సార్లు శాక్ అయ్యాడన్న సంగతికి అంత ప్రాధాన్యం దక్కలేదు. తప్పు పాస్ అందరి కంటా పడుతుంది. విసరాల్సిన క్షణంలో విసరకపోవడం ఎవరికీ గుర్తుండదు, ఆ నింద కాపు కాసేవాళ్ల మీదికి పోతుంది. ఒప్పందం తర్వాత, 2023 అక్టోబరు 2న సియాటిల్ సీహాక్స్‌తో మ్యాచ్‌లో ఈ రెండు లోపాలూ కలిసి బయటపడ్డాయి. జోన్స్ 10 సార్లు శాక్ అయ్యాడు. గోల్ గీత కొద్ది గజాల దూరంలో ఉండగా విసిరిన పాస్‌ను సియాటిల్ ఆటగాడు డెవన్ విదర్‌స్పూన్ అందుకుని 97 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు.

ముందు నిలబడి కాచేవాళ్లే బలహీనులైతే అతనేం చేస్తాడని అభిమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జెయింట్స్ రక్షణ వరుస ఆ రోజుల్లో నిజంగానే అధ్వానం. కానీ జట్లు మారిన క్వార్టర్‌బ్యాక్‌లను గమనించిన విశ్లేషకులు, శాక్‌ల అలవాటు చాలావరకు ఆటగాడి వెంటే వెళ్తుందని చెబుతూ వస్తున్నారు. అంటే అది పూర్తిగా పక్కవాళ్ల పాపం కాదు. ఒత్తిడిలో నిర్ణయశక్తి ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్‌తో తేలదు. గెలిచినవీ ఓడినవీ కలిపి, వందల సందర్భాల్లో బంతి ఎప్పుడు చేయి దాటిందో చూడాలి.

ధర సంగతి ఇంకా ముఖ్యం. ఐపీఎల్ వేలంలో ఫ్రాంచైజీకి పర్సు ఉన్నట్టే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టుకూ జీతాల పరిమితి ఉంటుంది. 2023లో అది 22.48 కోట్ల డాలర్లు. జోన్స్‌కు ఏడాదికి సగటున 4 కోట్లంటే, 53 మంది ఉండే జట్టులో ఒక్కడికే ఇంచుమించు 18 శాతం. అదే మార్చిలో, బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్‌లీకి దీర్ఘకాల ఒప్పందం దక్కలేదు, ఆటగాణ్ని ఒక్క ఏడాదికే అట్టిపెట్టుకునే ట్యాగ్‌తో సరిపెట్టారు. మరుసటి ఏడాది అతను ఈగల్స్‌కు వెళ్లి 2,005 గజాలు పరుగెత్తాడు, సూపర్ బౌల్ గెలిచాడు. జెయింట్స్ సొంత మైదానం ఉన్న న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువాళ్లలో ఈ ఆట చూసేవారికి ఆ బాధ తెలిసే ఉంటుంది.

క్వార్టర్‌బ్యాక్‌లు దొరకడమే కష్టం, ఉన్నవాణ్ని వదిలితే మరొకడు ఎక్కడని యాజమాన్యాల వాదన. కొరత నిజమే. అయితే కొరత వల్ల ధర పెరుగుతుంది గానీ ఆటగాడి నిర్ణయశక్తి పెరగదు. 2025లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ జోన్స్‌ను ఒక్క ఏడాదికి 1.4 కోట్ల డాలర్లకు తీసుకుంది. మెరుగైన రక్షణ, బంతి త్వరగా చేయి దాటే పథకం తోడవగా, తొలి 8 మ్యాచ్‌లలో 7 గెలిచింది. అతని సత్తా గురించి జెయింట్స్ పొరబడలేదనడానికి కొందరు దీన్నే సాక్ష్యంగా చూపుతారు. నాకు మాత్రం ఇది ఆ ధర తప్పనడానికే సాక్ష్యం. తన బలహీనతను కప్పిపుచ్చే జట్టు దొరికితేనే రాణించే ఆటగాడికి, ఆ జట్టును కట్టుకోవడానికి డబ్బు మిగిల్చే ధరే తగినది. కోల్ట్స్ ఇచ్చింది ఆ ధరే. జెయింట్స్ ఇచ్చింది కాదు.