ఎలక్షన్ లేకుండా మేయర్ ఎలా మారారు? విశాఖ కౌన్సిల్ ఓట్ల లెక్క

ఈరోజు టాపిక్ కాస్త లెక్కలతో ఉంటుంది. కానీ ప్లస్సులు, మైనస్సులు వస్తే చాలు, అంతకంటే ఏం అక్కర్లేదు.

ప్రశ్న ఇది. 2021లో విశాఖ జనం ఒక పార్టీకి క్లియర్ మెజారిటీ ఇచ్చారు. 2025లో మేయర్ మారిపోయారు. మధ్యలో కార్పొరేషన్ ఎలక్షన్ జరగలేదు. ఎలా? "అంతా రాజకీయం బ్రో" అని వదిలేయొచ్చు. రాజకీయం ఉంది, నిజమే. కానీ ఆ రాజకీయం కూడా కొన్ని రూల్స్ లోపలే నడవాలి. ఆ రూల్స్ తెలిస్తే మీ కార్పొరేటర్ హాల్లో ఏం చేశారో మీకే అర్థమవుతుంది.

ముందు స్కోర్ బోర్డు

గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్, అంటే జీవీఎంసీలో 98 వార్డులు. 2021 మార్చి ఫలితాలు చూడండి: వైసీపీ 58, టీడీపీ 30, జనసేన 3, బీజేపీ 1, సీపీఐ 1, సీపీఎం 1, ఇండిపెండెంట్లు 4. మార్చి 18న కౌన్సిల్ కూర్చుని గొలగాని హరివెంకటకుమారిని మేయర్‌గా ఎన్నుకుంది.

కౌన్సిల్ హాల్లో కూర్చునేది కార్పొరేటర్లు మాత్రమే కాదు. ఆ సిటీకి సంబంధించిన ఎంపీ, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు కూడా ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఉంటారు. మేయర్‌ని ఎన్నుకునేటప్పుడు, దించేటప్పుడు వాళ్లకీ ఓటుంటుంది. 2024 అసెంబ్లీ ఎన్నికల్లో విశాఖలో కూటమి గెలిచింది కాబట్టి ఈ సీట్లలో ఎక్కువ భాగం కూటమి చేతికొచ్చాయి. అంటే ఎమ్మెల్యే కోసం మీరు వేసిన ఓటు, మేయర్ కుర్చీ దాకా వెళ్లిందన్నమాట. ఇది చాలామంది గమనించని పాయింట్.

74 ఎక్కడి నుంచి వచ్చింది?

అప్పుడున్న రూల్ ప్రకారం మేయర్‌పై నాలుగేళ్లు పూర్తయ్యేదాకా అవిశ్వాసం పెట్టకూడదు. 2025 మార్చి 18తో ఆ గడువు అయిపోయింది. రోజుల వ్యవధిలోనే కూటమి కార్పొరేటర్లు కలెక్టర్‌కి నోటీసు ఇచ్చారు. అక్కడి నుంచి క్యాంపులు, ఫోన్లు, బుజ్జగింపులు... న్యూస్ మీరూ చూసే ఉంటారు.

ఓటింగ్ ఏప్రిల్ 19న. ఆ రోజుకి ఒక వార్డు ఖాళీ. కార్పొరేటర్లు 97 మంది, ఎక్స్ అఫీషియో 14 మంది, మొత్తం 111. మేయర్‌ని దించాలంటే మూడింట రెండొంతులు కావాలి. 111లో మూడింట రెండొంతులు సరిగ్గా 74.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఈ మూడింట రెండొంతులు లెక్కేసేది హాల్లోకి వచ్చినవాళ్లలో కాదు, మొత్తం సభ్యుల్లో. కాబట్టి ఇంట్లో కూర్చున్నా, బెంగళూరులో కూర్చున్నా, ఆ మనిషి అవిశ్వాసానికి వ్యతిరేకంగా ఓటేసినట్టే. వైసీపీ ఆ మీటింగ్‌ని బహిష్కరించింది. దాన్ని అలకగా మాత్రమే చూడకండి, లెక్క ప్రకారం అది కూడా ఒక ఎత్తే. రాకపోతే 74 దాటడం వాళ్ల బాధ్యత, మనకి పోయేదేం లేదు అని.

కలెక్టర్ ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఉన్నారు. అవిశ్వాసానికి అనుకూలంగా లేచిన చేతులు ఎన్నో తెలుసా? సరిగ్గా 74. ఒక్కరికి జ్వరమొచ్చి రాకపోయినా మేయర్ కుర్చీ కదిలేది కాదు.

ఇప్పుడు మీరే ఒక తీసివేత చేయండి. 2021లో టీడీపీ, జనసేన, బీజేపీ కలిపి 34. ఎక్స్ అఫీషియో 14 మందీ వేశారనే అనుకుందాం, 48. లెఫ్ట్, ఇండిపెండెంట్లు ఆరుగురినీ కలిపేద్దాం, 54. ఇంకా 20 కావాలి. ఆ 20 మంది వైసీపీ గుర్తు మీద గెలిచినవాళ్లే అయ్యుండాలి, వేరే దారి లేదు. ఇది ఎవరో చెప్పిన గాసిప్ కాదు, కూడికలు తీసివేతలు.

"మరి పార్టీ మారితే పదవి పోదా?" అంటారా. రాజ్యాంగంలో పదో షెడ్యూల్ ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీల గురించే. కార్పొరేటర్లకి అది వర్తించదు. వాళ్ల విప్ సంగతి రాష్ట్ర మున్సిపల్ చట్టాలు చూసుకుంటాయి.

ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు కొత్త మేయర్ అయ్యారు. కౌన్సిల్ గడువు మొదటి మీటింగ్ నుంచి ఐదేళ్లే కాబట్టి, ఇంత హడావుడి చేసి దక్కించుకున్న పదవి పదకొండు నెలలు కూడా లేదు.

మిగతా ఓట్లకి వేరే రూల్స్

నెల తిరగకముందే అదే హాల్లో సీన్ రివర్స్. మే 19న డిప్యూటీ మేయర్ ఎన్నిక. ఇక్కడ కావాల్సింది కోరం, అంటే మీటింగ్ జరగడానికి ఉండాల్సిన కనీస హాజరు. 111లో సగం, 56. వచ్చింది 54. ఇద్దరు తక్కువ, మీటింగ్ వాయిదా. సీటు జనసేనకి ఇవ్వడం కూటమిలోనే కొందరికి నచ్చలేదు. ఎవరూ లేచి "నో" అనలేదు, రాలేదంతే. మర్నాడు కోరం సరిపోయాక దల్లి గోవిందరెడ్డి ఎన్నికయ్యారు.

ఇంకొకటి, 2024 ఆగస్టులో స్టాండింగ్ కమిటీ ఎన్నిక. పది సీట్లు, ఓటేసేది కార్పొరేటర్లే, అదీ రహస్య బ్యాలెట్. కాగితం మీద వైసీపీ ఇంకా పెద్ద పార్టీ. పదికి పది కూటమి గెలిచింది. చేతులెత్తే ఓటింగ్‌లో ఎవరు ఎటు ఉన్నారో హాలంతా చూస్తుంది. బ్యాలెట్‌లో ఎవరు మారారో ఎవరికీ తెలియదు. అవిశ్వాసం రావడానికి ఎనిమిది నెలల ముందే గాలి ఎటు వీస్తోందో ఆ పెట్టె చెప్పేసింది.

ఇక మామూలు తీర్మానాలు. రోడ్లు, డ్రైన్లు, టెండర్లు, స్థలాల లీజులు. వీటికి హాజరై ఓటేసినవాళ్లలో మెజారిటీ ఉంటే చాలు. ఇక్కడ రాని కార్పొరేటర్ ఓటు సున్నా. అటూ పడదు, ఇటూ పడదు. మీ వార్డు డ్రైన్ గురించి మిగతావాళ్లే తేల్చేస్తారు. పైగా చాలా అంశాలకి చేతుల లెక్క కూడా ఉండదు. అజెండా నంబర్ చదువుతారు, గోలలోనే "ఆమోదం" అనేస్తారు. చివరి నిమిషంలో టేబుల్ అజెండా కింద వచ్చే ఐటమ్స్ చదివే టైమ్ కూడా సభ్యులకి ఉండదు.

మనం చేయగలిగింది

మేయర్ మారిన రోజు టీవీలన్నీ లైవ్ ఇచ్చాయి. మీ వీధి లైట్ల టెండర్ పాసైన రోజు ఎవరూ ఇవ్వరు. అందుకే మీ కార్పొరేటర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. పోయిన మీటింగ్‌కి వచ్చారా? మన వార్డు ఐటమ్ ఏది పాసైంది, ఏది వాయిదా పడింది? మీకు నచ్చని తీర్మానంపై మీ అభ్యంతరం మినిట్స్‌లో రాయించారా? మూడోది ముఖ్యం. హాల్లో ఎంత అరిచినా మినిట్స్‌లో లేకపోతే రికార్డులో లేనట్టే.

జవాబు రాకపోతే ఆర్టీఐ ఉంది. కౌన్సిల్ మీటింగ్ మినిట్స్, హాజరు రిజిస్టర్ కాపీ కావాలని కార్పొరేషన్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. తేదీ, మీటింగ్ పేరు స్పష్టంగా రాయండి, లేకపోతే "ఏ సమాచారమో తెలియట్లేదు" అని తిప్పి పంపుతారు.

విశాఖ వాళ్లే కాదు, విజయవాడ, వరంగల్, హైదరాబాద్ వాళ్లు కూడా ట్రై చేయండి. ఒక మీటింగ్ హాజరు పట్టీ తెప్పించుకుని మీ వార్డు గ్రూపులో పెట్టండి. తర్వాతి మీటింగ్‌కి ఎంతమంది వస్తారో చూద్దాం. మళ్లీ కలుద్దాం, బై.