కళాశాల రేడియో: కార్యక్రమములు, నిధులు

రేడియో అనగానే పెద్ద భవనములు, ఎత్తైన స్తంభములు, ప్రభుత్వ ముద్రలు మన మనస్సునకు తోచును. కాని 100 వాట్ల ప్రసార శక్తితో, 30 మీటర్లకు మించని స్తంభముతో, సుమారు 10 కిలోమీటర్ల మేరకు వినిపించు చిన్న కేంద్రములు మన దేశమున అనేకము కలవు. వానిలో కొన్నింటిని కళాశాలలు, విశ్వవిద్యాలయములు నడుపుచున్నవి. అట్టి కేంద్రము మనకును ఉండవలెనను కోరిక విద్యార్థులలో కలదు. ఆ కోరిక నెరవేరవలెనన్న రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానము చెప్పుకొనవలెను. ఏమి వినిపింతుము? ఎవరి సొమ్ముతో వినిపింతుము? ఈ రెండును వేరువేరు ప్రశ్నలుగా కన్పట్టును. రెండవదానికి మనము చెప్పు సమాధానమే మొదటిదానిని కూడ నిర్ణయించునని తెలుపుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

తరంగములు ఎవరివి?

హైదరాబాదునకు రేడియో క్రొత్త కాదు. సంస్థాన కాలముననే దక్కన్ రేడియో ఈ నగరమునుండి ప్రసారములు జరిపినది. 1950లో అది ఆకాశవాణిలో విలీనమైనది. ఉర్దూ, తెలుగు కార్యక్రమములు రెండును ఒకే కేంద్రమునుండి వినుట మన పెద్దలకు అలవాటు. అయితే చాలకాలము వరకు ప్రసారము చేయు హక్కు ప్రభుత్వమునకు మాత్రమే ఉండెను.

ఈ స్థితిని మార్చినది 1995 ఫిబ్రవరిలో వెలువడిన సుప్రీంకోర్టు తీర్పు. క్రికెట్ పోటీల ప్రసారమును గురించిన వివాదమది. రేడియో తరంగములు ప్రజల ఆస్తి యని, ప్రజాహితము కొరకే వానిని వినియోగింపవలెనని న్యాయస్థానము నిర్ణయించెను. ఆ ధర్మాసనమున తెలుగువారైన న్యాయమూర్తి బి.పి. జీవన్ రెడ్డి గారును ఉండిరి. 2002 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము విద్యాసంస్థలకు చిన్న రేడియో కేంద్రములు నడుపుకొను అవకాశము కల్పించినది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయమున మొదటి కేంద్రము ప్రారంభమైనది. 2006 నవంబరులో ఈ అవకాశమును స్వచ్ఛంద సంస్థలకును విస్తరింపజేసిరి. మన నగరమున హైదరాబాదు విశ్వవిద్యాలయము వారు 2011లో 'బోల్ హైదరాబాద్' పేరుతో తమ కేంద్రమును ఆరంభించిరి.

అనుమతితోపాటు కొన్ని నియమములును కలవు. ప్రసారమగు కార్యక్రమములలో కనీసము సగము స్థానికముగా తయారు కావలెను. రాజకీయ ప్రచారము కూడదు. వార్తలను మనము సొంతముగా సేకరించి చదువుటకు వీలులేదు. ఆకాశవాణి వార్తలను మాత్రము యథాతథముగా వినిపింపవచ్చును. ప్రసారమైన ప్రతి కార్యక్రమపు ధ్వనిముద్రణను మూడు మాసములు భద్రపరుపవలెను. ప్రకటనల వలన వచ్చిన సొమ్మును కేంద్రపు అవసరములకే వినియోగింపవలెను. అన్ని ఖర్చులు పోగా మిగిలినచో, ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి పొందిన పిమ్మటనే దానిని విద్యకై వెచ్చింపవచ్చును. కనుక రేడియో కేంద్రము కళాశాలకు ఆదాయ మార్గము కాగలదని ఎవరైనను తలచినచో, ఆ తలంపును ఇప్పుడే విడిచిపెట్టుట మంచిది.

మాచనూరు నేర్పిన పాఠము

జహీరాబాదు ప్రాంతమున మాచనూరు అను గ్రామము కలదు. అచ్చటినుండి 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' ప్రసారములు ఆరంభించినది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆశ్రయమున దీనిని నడుపువారు దళిత స్త్రీలు. జొన్నలు, కొర్రలు, విత్తనముల నిల్వ, పశువుల పోషణ, పల్లె పాటలు వారి కార్యక్రమములకు వస్తువులు. భాష వారు ఇంట మాటలాడుకొను భాషయే.

ఇందు మనము గమనింపదగిన విషయమొకటి కలదు. అనుమతి లభించుటకు చాల సంవత్సరములకు పూర్వమే ఆ స్త్రీలు ధ్వనిముద్రణ నేర్చుకొని కార్యక్రమములు తయారుచేయసాగిరి. ప్రసారము చేయుటకు వీలులేని ఆ దినములలో సంఘముల సమావేశములలో వానిని వినిపించెడివారు. అనుమతి చేతికి వచ్చునప్పటికి వారియొద్ద చెప్పదగిన మాట, చెప్పుట నేర్చిన మనుషులు సిద్ధముగా ఉండిరి. అనేక సంస్థలు దీనికి విరుద్ధముగా ముందు యంత్రములు కొని, ప్రారంభోత్సవము జరిపి, అటుపిమ్మట ఏమి వినిపింతుమని ఆలోచించును. అట్టి వేళ ఖాళీగా ఉన్న గంటలను సినిమా పాటలతోను, ధనమిచ్చువారి మాటలతోను నింపక తప్పదు.

ధనమునకు మూడు దారులు

చిన్న రేడియో కేంద్రమునకు ధనము వచ్చు దారులు మూడు: ప్రభుత్వ సహాయము, ప్రకటనలు, శ్రోతల చందాలు. ఈ మూడింటిని గురించి ఎక్కువ అనుభవము గల దేశము అమెరికా. అచ్చట 1936లోనే బ్రౌన్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు తమ వసతి గృహములకు తీగల ద్వారా రేడియో వినిపించిరి. నేడు ఆ దేశమున కళాశాల రేడియో కేంద్రములు వందల కొలది కలవు. విద్యా ప్రసారములకై ప్రత్యేకించిన తరంగములపై నడుచు కేంద్రములు వ్యాపార ప్రకటనలు ప్రసారము చేయరాదు. ధనసహాయము చేసిన దుకాణము పేరు చెప్పి కృతజ్ఞత తెలుపవచ్చును. ధర చెప్పుట, కొనుడని ప్రోత్సహించుట, ఇతరుల వస్తువులకన్న మేలని పొగడుట నిషిద్ధము.

మరి అవి ఎట్లు నిలిచియున్నవి? 1949 ఏప్రిల్ 15న కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణమున లూయిస్ హిల్ అను నాతడు కె.పి.ఎఫ్.ఏ. అను కేంద్రమును స్థాపించెను. అది కళాశాల కేంద్రము కాదు. శ్రోతల చందాలతోనే నడువవలెనను సంకల్పముతో పుట్టినది. మరుసటి సంవత్సరమే ధనము చాలక అది మూగవోయినది. శ్రోతలు పూనుకొని నిధి సమకూర్చగా 1951లో తిరిగి మాటలాడినది. పిమ్మట అనేక కళాశాల కేంద్రములు ఈ మార్గమునే పట్టినవి. సంవత్సరమున ఒకటి రెండు పర్యాయములు, వారము పది దినములపాటు, కార్యక్రమముల నడుమ విద్యార్థులు తమ ఖర్చులను శ్రోతలకు వివరించి చందాలు కోరుదురు. శ్రోతలు టెలిఫోను చేసి తాము ఇవ్వగల మొత్తమును తెలుపుదురు. ఆ వారమున ఏ కార్యక్రమమునకు ఎందరు స్పందించిరో చూచిన, జనులు దేనిని కోరుచున్నారో కేంద్రమునకు తెలిసిపోవును. చందా వసూలు ఈ విధముగా శ్రోతల అభిప్రాయ సేకరణ కూడ అగుచున్నది.

ప్రభుత్వ సహాయము మీదనే ఆధారపడుట ఎంత ప్రమాదమో 2025లో అదే దేశమున తేలినది. ప్రజా ప్రసార సంస్థకు అంతకుముందు కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను అమెరికా పార్లమెంటు వెనుకకు తీసికొనినది. శ్రోతల చందాలు సమృద్ధిగా గల కేంద్రములకు కొంత ఊతము మిగిలినది. ఆ సహాయమే ప్రధానాధారముగా గల చిన్న ఊళ్ల కేంద్రములు కష్టముల పాలైనవి.

మన లెక్క

మన దేశమున ప్రకటనలకు నిషేధము లేదు. 2024 నాటి మార్గదర్శకముల ప్రకారము గంటకు 12 నిమిషములు ప్రకటనలకు కేటాయింపవచ్చును. ప్రభుత్వ ప్రకటనకు 10 సెకండ్లకు 74 రూపాయలు ధరగా నిర్ణయించిరి. 12 నిమిషములలో పది సెకండ్ల భాగములు 72 ఉండును. అన్నియు నిండినచో గంటకు 5,328 రూపాయలు వచ్చును. వినుటకు ఇది చాల ఆకర్షణీయముగా ఉన్నది. కాని ఆ భాగములన్నియు ప్రతిదినము నిండునని నమ్మి ఖర్చులు పెట్టుకొనుట వివేకము కాదు. నిండిన దినమున గంటలో అయిదవ వంతు మనది కాకుండ పోవును.

అంతకన్న ముఖ్యమైనది మరియొకటి. ఒక శిక్షణాలయమువారు నెలకు పెద్ద మొత్తమిత్తుమని ముందుకు వచ్చిరనుకొందము. పోటీ పరీక్షలను గురించిన కార్యక్రమమున మన విద్యార్థి 'ఈ శిక్షణ లేకున్నను గ్రంథాలయమున చదివి ఉత్తీర్ణులు కావచ్చును' అని చెప్పగలడా? ఎవ్వరును అతని నోరు మూయనక్కరలేదు. అతడే సంకోచించి ఆ మాటను విడిచిపెట్టును. శ్రోతకు ఆ లోపము ఎన్నడును తెలియదు.

చందాల లెక్క చూతము. వేయిమంది నెలకు 10 రూపాయల వంతున ఇచ్చినచో నెలకు 10,000, పది నెలల విద్యా సంవత్సరమునకు 1,00,000 రూపాయలు. ఇది పెద్ద సొమ్ము కాదు. విద్యుత్తు, మరమ్మతులు, ఒక సాంకేతిక నిపుణుని జీతము వంటి నిత్యపు ఖర్చులకు ఇది పూర్తిగా చాలకపోవచ్చును. అయినను వేయిమందిలో ఏ ఒక్కరు అలిగి మానుకొనినను కేంద్రము ఆగదు. ఒక్క దాత మీద నిలిచిన కేంద్రమునకు ఈ ధైర్యము ఉండదు.

రాబోవు సంవత్సరమునకు సూచనలు

దినమునకు ఒక గంట ప్రసారము చాలునని మా అభిప్రాయము. అందు ఉర్దూకు 25 నిమిషములు, తెలుగునకు 25 నిమిషములు, రెండు భాషలవారికి ఉమ్మడిగా 10 నిమిషములు. ఆ పది నిమిషములలో ఒకరి భాషను మరియొకరికి నేర్పవచ్చును. దుకాణము, జవాబు, వకీలు, రాజీనామా మొదలగు మాటలు తెలుగువారి నోట ఎట్లు స్థిరపడినవో చెప్పినను శ్రోతలు ఆసక్తితో విందురు.

మిగిలిన కాలమునకు వస్తువులు మన చుట్టును ఉన్నవి. పెండ్లిండ్లలో ధోలక్ వాయించుచు దక్కనీ భాషలో స్త్రీలు పాడు పాటలు, బతుకమ్మ పాటలు ముదుసలుల జ్ఞాపకములలో ఉన్నవి. వారు గతించినచో వానిలో అనేకము వారితోనే పోవును. కావున అన్నింటికన్న ముందు వీనినే ధ్వనిముద్రణ చేయవలెను. లాడ్ బజారులో లక్క గాజులు చేయువారు, బిద్రీ పనివారు తమ విద్యను స్వయముగా వివరింపవచ్చును. విద్యార్థి వేతనముల దరఖాస్తులు ఎట్లు నింపవలెను, ఏ ధ్రువపత్రములు జతపరుపవలెను అను విషయములు వారమునకొకసారి రెండు భాషలలోను చెప్పవలెను. ఈ సమాచారము సకాలమున అందక చదువు మానినవారు ప్రతి పేటలోను ఉందురు.

ఈ పనులలో దేనికిని స్తంభము ఇప్పుడే అవసరము లేదు. ధ్వనిముద్రణ చేయుటకు నేడు చేతిలోని టెలిఫోను చాలును. ఒక సంవత్సరకాలము కార్యక్రమములు తయారుచేసి ప్రతి శనివారము కళాశాల సభామందిరమున వినిపింతము. విన్నవారినే మొదటి చందాదారులుగా చేర్చుకొందము.

కార్యవర్గమునకు మనవి

కార్యవర్గము వారికి మేము చేయు మనవులు నాలుగు. మొదటిది: కార్యక్రమముల పట్టిక ఆమోదము పొందిన పిమ్మటనే నిధుల సేకరణ ఆరంభింపవలెను. రెండవది: నియమములు 12 నిమిషములు అనుమతించినను మనము గంటకు 4 నిమిషములకు మించి ప్రకటనలు స్వీకరింపరాదు, ధనమిచ్చువారికి కార్యక్రమపు విషయమును నిర్ణయించు అధికారము ఉండరాదు. మూడవది: చందా స్వచ్ఛందముగా ఉండవలెను. దానిని ఫీజు రసీదులో కలుపరాదు. పది రూపాయలు ఇవ్వలేని విద్యార్థి ఒక పాటను సేకరించి తెచ్చినను అది చందాయే. నాలుగవది: ప్రతి నెల జమాఖర్చులను ఉర్దూలోను తెలుగులోను వ్రాసి నోటీసు బోర్డుపై ఉంచవలెను.

విద్యార్థి సోదర సోదరీమణులకు ఒక్క మాట. రానున్న సెలవులలో మీ ఇంటనో, మీ వాడలోనో ఉన్న వృద్ధుల పాటనొకదానిని, ముందుగా వారి సమ్మతి పొంది, ధ్వనిముద్రణ చేసి తీసికొనిరండు. పాడినవారి పేరును, ఊరును, పాడిన సందర్భమును ఒక కాగితముపై వ్రాసి జతపరుపుడు. కార్యవర్గము వారు సమావేశమగునప్పుడు మా వాదములకు బదులు ఆ పాటలనే వారి ముందుంచగలము. వానిని విని, మా మనవులను సానుభూతితో పరిశీలింపవలసినదిగా కార్యవర్గ సభ్యులను ప్రార్థించుచున్నాము.