బల్ల దగ్గర చోటు

నెల్లిమర్ల జనపనార మిల్లు మీద బతికిన ఇళ్లలో పుట్టినవాళ్లకి బదిలీ కూలీ అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. పర్మినెంటు కార్మికుడు రాకపోతేనే ఆ పూట పని, లేదంటే గేటు దగ్గర్నుంచే ఇంటికి. లూకా సువార్త 15వ అధ్యాయంలో చిన్నకొడుకు అడగాలనుకున్నదీ దాదాపు అలాంటి చోటే. ఆస్తి తగలేసి, పందుల పొట్టుకు కూడా నోచుకోక, తండ్రికి చెప్పాల్సిన మాటలు ముందే మనసులో కట్టుకున్నాడు: పాపం చేశాను, నీ కొడుకుననిపించుకోవడానికి తగను, కూలివాడిగా పెట్టుకో. తీరా ఊరు చేరేసరికి తండ్రే ఎదురు పరుగెత్తుకొచ్చాడు. మొదటి రెండు మాటలూ విన్నాడు. మూడోది కొడుకు నోట రాకముందే ఉంగరం, చెప్పులు తెమ్మని పనివాళ్లని పురమాయించాడు. ఈ కథ మీద ఎన్ని ప్రసంగాలు విన్నా నా మనసు ఆ అనని మాట దగ్గరే ఆగుతుంది.

మన సంఘాల్లో తాగి పట్టుబడ్డవాణ్ని ప్రభువు బల్లకు దూరం పెడతారు. క్రమశిక్షణ ఉండాల్సిందే, కాదనను. కానీ తిరిగొచ్చినవాణ్ని కూటం కూటానికీ నిలబెట్టి, భార్యాపిల్లలు వింటుండగా పాత తప్పునే సాక్ష్యంగా చెప్పించడం దయ కాదు. మిల్లు లాకౌట్ పడి జీతం ఆగిన నెలల్లో సారాకి బానిసైనవాడికి తన తప్పు తెలియక కాదు, తల ఎత్తలేక గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. అలాంటివాణ్ని చూసి చాప మీద కాస్త జరిగి, "ఇటు కూకో బాబూ, తిన్నావా?" అని అడిగే పెద్దమ్మలు మా వైపు ఉన్నారు. వాళ్లే నాకు వేదపాఠం చెప్పారు.

పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు మనం చిన్నప్పట్నుంచీ పాడుతున్నవే. పశ్చాత్తాపం గురించి రాసినప్పుడు ఆయన తన పాపం గురించే మొరపెట్టుకున్నాడు. ఆ కీర్తన అందుకున్నాక సంఘపెద్దా, రాత్రి తాగొచ్చినవాడూ ఒకే గొంతుతో "నేను" అంటారు. పాట అయ్యాక కూడా పెద్దలకి ఆ సంగతి గుర్తుండాలి.

మనం వలసొచ్చిన ఈ అమెరికాలో పడిపోయినవాడు మరీ ఒంటరి. ఉద్యోగం పోయినా, జూదంలో డబ్బు పోగొట్టుకున్నా, తాగి బండి నడిపి కేసు పడినా మొదట మానేసేది మన కూటాలకి రావడమే. 1935లో ఓహయో రాష్ట్రం ఏక్రన్‌లో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా నిలబడడంతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు అమెరికాలో ఎన్నో చర్చి హాళ్లలోనే జరుగుతాయి. మనం ఆదివారం తెలుగు ఆరాధనకి అద్దెకి తీసుకునే హాలు కూడా అలాంటిదే కావచ్చు. ఆ సమావేశాలకి వెళ్లడానికి జంకే మనవాడికి తోడుగా ఒకరు వెళ్లొచ్చు. చేతికి డబ్బివ్వడం కన్నా పిల్లల ఫీజు నేరుగా కట్టడం మేలు. మళ్లీ తాగాడని తెలిస్తే ఆ వారం ఫోను మానెయ్యకూడదు, అతని సంగతి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన విన్నపంగా పెట్టకూడదు.