వయ్యారిభామ వలన దురద ఏల కలుగును?

తొలకరి వానలు పడినది మొదలు గట్లమీదను, బాటల ప్రక్కను, బీళ్ళలోను చిన్న తెల్లని పూలతో గుబురుగా పెరుగు వయ్యారిభామను ఎరుగని రైతు ఉండడు. దీనినే కొన్ని చోట్ల కాంగ్రెసు గడ్డి యనియు, క్యారట్ గడ్డి యనియు పిలుతురు. అమెరికా ఖండమున పుట్టిన ఈ మొక్కను మన దేశమున 1955లో పూనేలో గుర్తించిరి. పిమ్మట ఇది దేశమంతట వ్యాపించినది. పైరుకు ఇది చేయు నష్టము రైతులకు తెలిసినదే. మనిషి చర్మమునకు చేయు కీడు ఏ విధముగా కలుగునో తెలిసినవారు తక్కువ.

గత సంవత్సరము ఒక గ్రామమున పెసర చేను చూడబోయినపుడు ఒక పెద్ద రైతు తన మెడను, మోచేతుల మడతలను చూపి ఇట్లు అడిగినాడు: "ఏమండీ ఆఫీసరు గారూ, పదేండ్ల నుంచి ఈ మొక్కను ఒట్టి చేతులతో పీకుతున్నాను. ఎన్నడూ ఏమీ కాలేదు. ఇప్పుడు దాని పక్కన నడిచినా ఒళ్ళంతా దురద, మంట. మొక్కలో విషం పెరిగిందంటారా?"

నాడు గట్టుమీద నిలుచుండి చెప్పిన సమాధానమునే ఇచ్చట వివరముగా వ్రాయుచున్నాను. మొక్కలో విషము పెరుగలేదు. మారినది ఆ రైతు శరీరములోని తెల్ల రక్తకణముల తీరు.

మొక్కలో నున్నదేమి?

వయ్యారిభామ ఆకులమీదను, పూలమీదను సన్నని నూగు ఉండును. ఆ నూగులో పార్థెనిన్ అను పదార్థము కలదు. మొక్కను తాకినపుడు ఇది చర్మమునకు అంటుకొనును. మొక్క ఎండి పొడియైనపుడు గాలిలో ఎగిరివచ్చి ముఖముమీద, మెడమీద పడును. పార్థెనిన్ అణువు మిక్కిలి చిన్నది. ఒంటరిగా నున్నచో మన తెల్ల కణములు దానిని లెక్కచేయవు. అయితే అది చర్మములోని మాంసకృత్తులకు అతుకుకొనును. అట్లు అతుకుపడిన మాంసకృత్తు తెల్ల కణములకు పరాయిదానివలె కనబడును. చిక్కు అచ్చటనే మొదలగును.

మొదటి తాకిడి

మన చర్మములో కాపలా కణములు కలవు. 1868లో జర్మనీ దేశపు పాల్ లాంగర్‌హాన్స్ వీనిని కనిపెట్టినందున వీనికి ఆయన పేరే వచ్చినది. ఈ కణములు పరాయి వస్తువును పట్టుకొని దగ్గరనున్న బిళ్ళలకు చేర్చును. కాలికి పుండు పడినపుడు గజ్జలో బిళ్ళ కట్టుట మీరెరుగుదురు గదా! ఆ బిళ్ళలు తెల్ల కణముల నివాసములు. అచ్చట టి-కణములు అను ఒక జాతి తెల్ల కణములలో, ఈ వస్తువును గుర్తింపగల కొన్ని మేల్కొని, రెండు వారముల లోపల అనేక రెట్లు పెరుగును. వానిలో కొన్ని సంవత్సరముల తరబడి జ్ఞాపకము ఉంచుకొని బ్రదుకును.

ఈ కాలమందు పైకి ఏ చిహ్నమును కనబడదు. కొందరిలో ఈ మార్పు కొలది తాకిడులతోనే కలుగును. కొందరిలో ఏండ్ల పిమ్మట కలుగును. కొందరిలో ఎన్నటికిని కలుగదు. "నాకేమీ కాలేదు" అను ధైర్యము ఇందుచేతనే చెల్లదు.

మలి తాకిడి

ఒకసారి ఈ జ్ఞాపకము ఏర్పడిన పిమ్మట కొంచెము పొడి తగిలినను చాలును. చర్మములో తిరుగుచుండు టి-కణములు దానిని గుర్తించి కొన్ని మాంసకృత్తులను విడుదల చేయును. వీనినే సైటోకైనులు అందురు. ఊరిలో చాటింపు ఎట్టిదో శరీరములో ఇవి అట్టివి. ఒక కణము వేసిన చాటింపును విని ఇతర కణములు పనిలోనికి దిగును.

ఒక్కొక్క చాటింపు ఒక్కొక్క పని చేయించును. గామా ఇంటర్‌ఫెరాన్ చర్మకణములను రేపి, అవి కూడ మరికొన్ని తెల్ల కణములను పిలుచునట్లు చేయును. టి.ఎన్.ఎఫ్. అనునది రక్తనాళముల గోడలను జిగటగా మార్చును. రక్తములో పోవుచున్న తెల్ల కణములు అచ్చట అంటుకొని చర్మములోనికి దూరును. ఇంటర్‌ల్యూకిన్-31 అనునది దురదను తెలుపు నరములను ప్రేరేపించును. రక్తనాళములు వెడల్పై నీరు బయటికి ఊరుటచే చర్మము ఎర్రబడి, వాచి, పొక్కులు లేచి, రసి కారును. నిజమైన శత్రువును తరిమివేయుటకు ఏర్పడిన ఈ ఏర్పాటు, హాని చేయలేని పొడిమీద తిరుగబడి మన చర్మమునే పాడు చేయును.

ఇదంతయు జరుగుటకు ఒకటి రెండు దినములు పట్టును. అందుచేత సోమవారము మొక్కలు పీకిన రైతుకు బుధవారము దద్దురు లేచును. ఆయన మంగళవారము తిన్న వంకాయ కూరను నిందించును!

దీనికి కారణము కణములే యని 1942లో న్యూయార్కు నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్, మెర్రిల్ చేజ్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఒక రసాయనము సరిపడని గినీ పందుల నుండి తెల్ల కణములను తీసి, ఆరోగ్యముగానున్న వానికి ఎక్కింపగా, వానికిని ఆ రసాయనము సరిపడలేదు. వట్టి రక్తపు తేటను ఎక్కింపగా అట్లు జరుగలేదు. సైటోకైను అను పేరు 1974లో వచ్చినది.

తుమ్ములు వేరు, దద్దురు వేరు

ఈ మొక్క పుప్పొడి వలన కొందరికి నిముషములలోనే తుమ్ములు, ముక్కు కారుట కలుగును. ఇచ్చట చాటింపు వేరు. ఇంటర్‌ల్యూకిన్-4 ప్రేరణచే ఐజిఇ అను ప్రతిరక్షకము తయారగును. అది అంటుకొనియున్న కణములు పుప్పొడి తగిలిన వెంటనే హిస్టమిన్‌ను వెదజల్లును. హిస్టమిన్‌ను అడ్డగించు మాత్రలు తుమ్ములను తగ్గించును. చర్మపు దద్దురునకు హిస్టమిన్ ముఖ్యకారణము కాదు గనుక, ఆ మాత్రలు వేసుకొన్నంత మాత్రమున అది మానదు.

రైతులు చేయవలసిన పనులు

1. మొక్కలను పూతకు రాకముందే, నేల తడిగా నున్నపుడు వేళ్ళతో పీకవలెను. పూసి ఎండిన మొక్కలను కదల్చినచో పొడి ఎగురును.

2. చేతులకు రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముఖమునకు తువ్వాలు తప్పనిసరి. కూలీలచే పని చేయించువారు వారికి వీనిని సమకూర్చవలెను.

3. పని ముగిసిన వెంటనే సబ్బుతో స్నానము చేయవలెను. ఆ బట్టలను విడిగా ఉతకవలెను.

4. పైరులేని బీళ్ళలో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి, ఎండగా నున్నపుడు మొక్కలు తడియునట్లు చల్లవచ్చును. పొలములో చల్లరాదు, నేల చెడును.

5. దద్దురు లేచినవారు మరల ఈ మొక్క జోలికి పోరాదు. కొందరికి ఇదే కుటుంబమునకు చెందిన చామంతి కూడ సరిపడదు. చర్మవైద్యులు అనుమానమున్న పదార్థమును వీపుమీద రెండు దినములు అంటించి పరీక్ష చేయుదురు. స్టెరాయిడ్ లేపనములు సైటోకైనుల తయారీని అణచును. కాని వైద్యుని సలహా లేక నెలల తరబడి పూసినచో చర్మము పలుచబడును.

ఆ పెద్ద రైతును నేను జిల్లా ఆసుపత్రికి పంపితిని. మందుతో ఉపశమనము కలిగినది గాని, కలుపు తీయించునపుడు ఆయన తన చేనిగట్టు మీదికే పోలేకున్నాడు. ఒకసారి పడిన జ్ఞాపకమును చెరిపివేయు మందు లేదు. కనుక ఇప్పటికి ఏ బాధయు లేనివారే ముందుగా జాగ్రత్త పడవలెను. ఈ వర్షాకాలమున మీ గట్టుమీది మొక్క పూయకముందే, చేతికి తొడుగు వేసుకొని పీకి పారవేయుడు.